జింక కొమ్ములను ఎలా కొలుస్తారు? స్కోరు వెనుక ఉన్న లెక్క ఇది

1993లో కెనడాలోని సస్కాచెవాన్ రాష్ట్రంలో ఒక తెల్లతోక జింక వేటగాడికి చిక్కింది. దాని కొమ్ములకు 213 5/8 స్కోరు లభించింది. అంతకు పన్నెండేళ్ల ముందు, 1981లో, అమెరికాలోని మిస్సోరి రాష్ట్రంలో అదే జాతికి చెందిన మరో మగజింక చనిపోయి పడి ఉండగా దొరికింది. దాని కొమ్ముల స్కోరు 333 7/8. రెండూ తమ తమ విభాగాల్లో రికార్డులుగా ప్రసిద్ధి పొందాయి. ఈ సంఖ్యలు దేనిని సూచిస్తాయి? పొడవునా, బరువునా, శాఖల సంఖ్యనా? ఒకే జాతి జింకలకు రెండు వేర్వేరు విభాగాలు ఎందుకు?

దీనికి సమాధానం ఒక్క వాక్యంలో ఇమిడేది కాదు. కొమ్ము వంకరగా పెరుగుతుంది, కొమ్మలు వేస్తుంది, ఒక్కో చోట ఒక్కో మందంతో ఉంటుంది. అటువంటి వస్తువును ఒకే సంఖ్యగా కుదించాలంటే ముందుగా కొన్ని నిర్ణయాలు తీసుకోవాలి. ఏది కొలవాలి, ఏది వదిలేయాలి, దేనికి మార్కులు కోయాలి అన్నవే ఆ నిర్ణయాలు. స్కోరును అర్థం చేసుకోవడమంటే వాటిని అర్థం చేసుకోవడమే.

రెండు రకాల కొమ్ములు

తెలుగులో ఆవుకు ఉన్నదీ కొమ్మే, దుప్పికి ఉన్నదీ కొమ్మే. జీవశాస్త్రం దృష్టిలో మాత్రం ఇవి రెండూ పూర్తిగా వేర్వేరు. ఆవు, మేక, అడవిదున్న, కృష్ణజింక వంటి జంతువుల కొమ్ము లోపల ఎముక, దానిపై గోరు వంటి పదార్థంతో ఏర్పడిన తొడుగు ఉంటాయి. అది జీవితాంతం ఊడదు, శాఖలు వేయదు. దుప్పి, కణుజు, బారాసింగా వంటి అసలైన జింక జాతుల కొమ్ము మొత్తం ఎముకే. అది ఏటా రాలిపోయి మళ్లీ మొలుస్తుంది. సాధారణంగా మగవాటికే వస్తుంది. రెయిన్‌డీర్‌లో మాత్రం ఆడవాటికీ ఉంటుంది.

రెండు తెలుగు రాష్ట్రాల అధికారిక జంతువులే ఈ తేడాకు చక్కని ఉదాహరణలు. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువైన కృష్ణజింకది మెలితిరిగిన శాశ్వతమైన కొమ్ము. తెలంగాణ రాష్ట్ర జంతువైన చుక్కల జింకది రాలి మొలిచే శాఖల కొమ్ము. ఈ వ్యాసంలో వివరించే కొలతలు రెండో రకానికి సంబంధించినవి.

కొత్త కొమ్ము మొలిచేటప్పుడు దానిపై రక్తనాళాలతో నిండిన మెత్తని నూగు చర్మం ఉంటుంది. క్షీరదాల శరీరంలో అత్యంత వేగంగా పెరిగే ఎముక కణజాలాల్లో ఇదొకటి. పెద్ద జాతుల్లో రోజుకు రెండు సెంటీమీటర్లకు పైగా పెరిగే దశ కూడా ఉంటుంది. పెరుగుదల పూర్తయ్యాక మగ హార్మోను ప్రభావంతో ఎముక గట్టిపడుతుంది, నూగు చర్మం ఎండి రాలిపోతుంది. జింక కొమ్మును చెట్లకు రాచి మిగిలిన చర్మాన్ని వదిలించుకుంటుంది. జతకట్టే కాలం ముగిశాక హార్మోను తగ్గి, కొమ్ము మొదలు దగ్గర పట్టు సడలి ఊడిపోతుంది. అంటే ప్రతి కొమ్మూ ఒక్క ఏడాది పెరుగుదలకు సంబంధించిన నమోదు. ఆ ఏడాది తిన్న మేత, పట్టిన జబ్బు, తగిలిన గాయం అన్నీ దానిపై ముద్ర వేస్తాయి.

కొలత ఎందుకు మొదలైంది

లండన్‌లో జంతు చర్మాలను భద్రపరచే వృత్తిలో పేరుపొందిన రోలాండ్ వార్డ్ 1892లో ప్రపంచంలోని పెద్ద వేట జంతువుల కొమ్ముల కొలతలతో ఒక గ్రంథాన్ని వెలువరించారు. బ్రిటిష్ పాలనలోని భారతదేశంలో అధికారులు, సంస్థానాధీశులు వేటాడిన జంతువుల వివరాలు అటువంటి పట్టికల్లోకి ఎక్కేవి. అప్పట్లో కొలత సరళంగా ఉండేది. ప్రధానంగా చూసేది కొమ్ము పొడవునే.

అమెరికాలో ఈ పనికి మరో కోణం తోడైంది. థియోడర్ రూజ్వెల్ట్, జార్జ్ బర్డ్ గ్రిన్నెల్ ప్రభృతులు 1887లో బూన్ అండ్ క్రాకెట్ క్లబ్‌ను స్థాపించారు. అడ్డూఅదుపూ లేని వేటతో ఉత్తర అమెరికాలో పెద్ద జంతువులు వేగంగా తరిగిపోతున్న కాలమది. కొన్ని జాతులు పూర్తిగా అంతరిస్తాయన్న భయం బలంగా ఉండేది. 1922లో న్యూయార్క్‌లోని బ్రాంక్స్ జంతు ప్రదర్శనశాలలో తలలు, కొమ్ముల జాతీయ సేకరణను ప్రారంభించినప్పుడు దానిని కనుమరుగవుతున్న పెద్ద జంతువుల స్మృతికే అంకితం చేశారు. జంతువు మిగలకపోయినా దాని కొలతైనా మిగలాలన్నది అప్పటి ఆలోచన.

ఆ క్లబ్ 1932లో తొలి రికార్డుల గ్రంథాన్ని ప్రచురించింది. ఒక్క పొడవుతోనే కొమ్ము గొప్పతనాన్ని తేల్చడం సరికాదన్న చర్చ ఆ తర్వాత సాగింది. శాఖలు, మందం, వెడల్పు, రెండు వైపుల సమానత కలిపి లెక్కించే పద్ధతిని 1950లో ఖరారు చేశారు. నేటికీ ఉత్తర అమెరికాలో విస్తృతంగా అనుసరిస్తున్నది ఆ పద్ధతినే.

టేపు పట్టుకునే ముందు

తాజా కొమ్ములో తేమ ఉంటుంది. ఆరేకొద్దీ ఎముక స్వల్పంగా కుంచించుకుపోతుంది. అందుకే సాధారణ గది వాతావరణంలో కనీసం 60 రోజులు ఆరనిచ్చాకే అధికారిక కొలత తీసుకుంటారు. పావు అంగుళం వెడల్పున్న, సులభంగా వంగే ఉక్కు టేపును వాడతారు. వంపుల వెంట పొడవు తీయడానికి సన్నని ఉక్కు తీగను కూడా అనుమతిస్తారు. బట్ట టేపు సాగుతుంది కనుక పనికిరాదు.

ప్రతి కొలతనూ అంగుళంలో ఎనిమిదో వంతు వరకు సరిచూసి నమోదు చేస్తారు. అర అంగుళాన్ని 4/8 అని, పావు అంగుళాన్ని 2/8 అని రాస్తారే తప్ప భిన్నాన్ని కుదించరు. అన్ని అంకెల కింద ఒకే హారం ఉంటే కూడికలో తప్పు దొర్లే అవకాశం తగ్గుతుంది.

పుర్రె పైభాగం రెండుగా చీలి ఉంటే ఆ కొమ్ములను రికార్డుకు స్వీకరించరు. చీలిన పుర్రెను కాస్త వెడల్పు చేసి అతికిస్తే రెండు కొమ్ముల మధ్య దూరాన్ని ఇష్టం వచ్చినట్లు పెంచవచ్చు. ఆ అవకాశం లేకుండా చేయడమే ఈ నియమం ఉద్దేశం.

ఏమేమి కొలుస్తారు

తెల్లతోక జింక విషయంలో కొలతలు నాలుగు వర్గాలుగా ఉంటాయి.

మొదటిది ప్రధాన దండం పొడవు. తలపై కొమ్ము మొదలయ్యే చోట గరుకైన ఎముక వలయం ఉంటుంది. ఆ వలయం వెలుపలి అంచు నుంచి, దండం బయటి వైపు వంపు వెంట, చివరి కొన వరకు ఉన్న దూరమే ఈ పొడవు. టేపు ఒక్కసారిగా వంగదు కనుక వంపు మారిన ప్రతిచోటా పెన్సిల్‌తో గుర్తు పెట్టుకొని, అక్కడి నుంచి మళ్లీ మొదలుపెడతారు.

రెండోది శాఖల పొడవు. ప్రతి పొడుచుకూ శాఖ హోదా దక్కదు. దాని పొడవు కనీసం ఒక అంగుళం ఉండాలి. అంగుళం లేదా అంతకు మించిన ఏదో ఒక చోట పొడవు వెడల్పును మించాలి. శాఖ ఎక్కడ మొదలవుతుందో నిర్ణయించడమే కొలతలో అతి సున్నితమైన పని. ఆ శాఖ అక్కడ లేకపోతే దండం పై అంచు ఎలా సాగేదో ఊహించి గీత గీస్తారు. శాఖ పొడవును ఆ గీత నుంచి కొన వరకు తీస్తారు. దండం చివరి కొనను శాఖల సంఖ్యలో చేరుస్తారు గానీ, దండం పొడవులో అప్పటికే వచ్చేసింది కనుక మళ్లీ కొలవరు.

మూడోది చుట్టుకొలత. ఒక్కో కొమ్ముకు నాలుగు చోట్ల తీస్తారు. వలయానికి, మొదటి శాఖకు మధ్య దండం అన్నిటికంటే సన్నగా ఉన్న చోట ఒకటి. ఆ తర్వాత ఒక్కో శాఖకు మధ్య ఒక్కొక్కటి. నాలుగో శాఖ లేని కొమ్ముకు మూడో శాఖకు, దండం కొనకు నడిమధ్యన నాలుగో చుట్టుకొలత తీస్తారు. శాఖలు ఎన్ని ఉన్నా చుట్టుకొలతలు నాలుగే. శాఖలు ఎక్కువున్న కొమ్ముకు ఈ వర్గంలో అదనపు లాభం రాకూడదన్నదే దీని అంతరార్థం.

నాలుగోది లోపలి వెడల్పు. రెండు ప్రధాన దండాల మధ్య అత్యధిక దూరాన్ని, పుర్రె మధ్యరేఖకు లంబంగా, లోపలి అంచుల నుంచి కొలుస్తారు. దీనికి ఒక పరిమితి ఉంది. ఈ వెడల్పుకు ఇచ్చే విలువ, రెండు దండాల్లో పొడవైనదాని కొలతను మించకూడదు. కొమ్ములు పొట్టిగా ఉండి బాగా విచ్చుకున్నంత మాత్రాన స్కోరు పెరిగిపోకుండా ఇది అడ్డుకుంటుంది. కొనకూ కొనకూ మధ్య దూరం, బయటి వైపు గరిష్ఠ వెడల్పు కూడా నమోదు చేస్తారు గానీ అవి వివరం కోసమే, స్కోరులో కలవవు.

ఒక ఊహాత్మక లెక్క

ఒక జింక కొమ్ముల కొలతలు ఇలా ఉన్నాయనుకుందాం. కుడి దండం 24 అంగుళాలు, ఎడమ దండం 23 4/8. కుడివైపు నాలుగు శాఖలు వరుసగా 5, 10, 8 4/8, 4 అంగుళాలు. ఎడమవైపు 4 6/8, 9 4/8, 9, 3 4/8. కుడివైపు చుట్టుకొలతలు 4 4/8, 4, 4, 3 4/8. ఎడమవైపు 4 4/8, 4, 3 6/8, 3 4/8. లోపలి వెడల్పు 18 4/8. వీటితోపాటు ఎడమ కొమ్ముపై ఉండకూడని చోట ఒకటిన్నర అంగుళం అసహజ శాఖ ఒకటి ఉంది.

కుడి కొమ్ము మొత్తం 67 4/8. అసహజ శాఖను పక్కన పెడితే ఎడమ కొమ్ము మొత్తం 66. వెడల్పు కలిపితే 152. ఇది స్థూల స్కోరు.

తర్వాత కోతలు మొదలవుతాయి. కుడి ఎడమల జతలను ఒక్కొక్కటిగా పోల్చి తేడా తీస్తారు. దండాల్లో 4/8, శాఖల్లో వరుసగా 2/8, 4/8, 4/8, 4/8, మూడో చుట్టుకొలతలో 2/8. వెరసి రెండున్నర అంగుళాలు. దానిని తీసివేస్తే 149 4/8 మిగులుతుంది. మూడో శాఖ ఎడమవైపే పెద్దది, మిగతావి కుడివైపు పెద్దవి. అయినా అవి పరస్పరం రద్దు కావు. ఏ జతలోని తేడా ఆ జతకే చెల్లు.

రెండు విభాగాలు వేరయ్యేది ఇక్కడే. సహజాకృతి విభాగంలో అసహజ శాఖ పొడవును కూడా తీసివేస్తారు. తుది స్కోరు 148. అసహజాకృతి విభాగంలో అదే శాఖ పొడవును కలుపుతారు. అప్పుడు స్కోరు 151. పైన చెప్పిన మిస్సోరి జింక 333 దాటడానికి కారణం ఇదే. చిక్కుముడిలా అల్లుకున్న అసహజ శాఖలన్నీ దాని స్కోరులో కలిశాయి.

బూన్ అండ్ క్రాకెట్ శాశ్వత రికార్డుల్లో చేరాలంటే తెల్లతోక జింకకు సహజాకృతిలో కనీసం 170, అసహజాకృతిలో 195 ఉండాలి. మన ఊహాత్మక జింక రెండింటికీ దూరంలోనే ఆగిపోతుంది.

ఐరోపాలో తూకం, నీళ్లు, అందం

ఐరోపాలో ప్రధానంగా అనుసరించేది సీఐసీ అనే అంతర్జాతీయ మండలి సూత్రాలను. వీటి తీరు వేరు. ఎర్రజింకకు రెండు దండాల సగటు పొడవును సెంటీమీటర్లలో తీసి సగానికి తగ్గిస్తారు. ముఖ్యమైన శాఖల సగటు పొడవులో నాలుగో వంతు, చుట్టుకొలతలు, శాఖల సంఖ్య కలుపుతారు. కిలోల్లో బరువును రెండింతలు చేసి చేరుస్తారు. ఆపై రంగు, ఉపరితలంపై ముత్యాల వంటి బుడిపెలు, కొనల పదును, శిఖరంలోని శాఖల గుత్తి వంటి అంశాలకు నిర్ణేతలు మార్కులు వేస్తారు. లోపాలుంటే కోస్తారు.

చిన్నదైన రో జింకకు మరో ఆసక్తికరమైన పద్ధతి ఉంది. సగటు పొడవు సెంటీమీటర్లలో సగం, బరువు గ్రాముల్లో పదో వంతు, ఘనపరిమాణం ఘన సెంటీమీటర్లలో 0.3 వంతు కలుపుతారు. ఘనపరిమాణం తెలుసుకోవడానికి కొమ్ములను నీటిలో ముంచి, అవి తొలగించిన నీటిని లెక్కిస్తారు. ఉదాహరణకు సగటు పొడవు 22 సెంటీమీటర్లు, బరువు 400 గ్రాములు, ఘనపరిమాణం 170 ఘన సెంటీమీటర్లు అయితే 11, 40, 51 కలిపి 102 వస్తుంది. అందానికి వేసే మార్కులతో అది 105 చేరితే కాంస్యం, 115 అయితే రజతం, 130 అయితే స్వర్ణ పతకం.

అమెరికా పద్ధతి టేపునే నమ్ముతుంది, కంటికి చోటివ్వదు. ఐరోపా పద్ధతి తూకానికీ అందానికీ కూడా విలువ ఇస్తుంది. ఒకే కొమ్మును రెండు సంప్రదాయాల్లో కొలిస్తే శ్రేణులు తారుమారు కావచ్చు. స్కోరు ప్రకృతి నిర్ణయించిన సంఖ్య కాదు, మనుషులు చేసుకున్న ఒప్పందం.

సమానతకు ఎందుకంత విలువ

కుడి ఎడమలు సరిగ్గా కుదరనందుకు జింకకు మార్కులు కోయడమేమిటన్న విమర్శ ఎప్పటినుంచో ఉంది. ఎముకను పెంచిన శ్రమ జింకదే అయినప్పుడు పెరిగినదంతా లెక్కలోకి రావాలని స్థూల స్కోరును సమర్థించేవారు వాదిస్తారు. జాతి సహజ రూపానికి దగ్గరగా ఉన్నదే ఆదర్శమని రెండో పక్షం అంటుంది.

కొమ్ము వికృతం కావడానికి చాలా కారణాలున్నాయి. నూగు చర్మం దశలో తగిలిన దెబ్బ కొమ్మును వంకర చేస్తుంది. వెనుక కాలికి తీవ్ర గాయమైన జింకల్లో తరచూ ఎదుటి వైపు కొమ్ము వికృతంగా పెరగడాన్ని పరిశోధకులు గమనించారు. అంటే కోసిన మార్కుల వెనుక ఒక గాయం చరిత్ర ఉండవచ్చు.

మరో అపోహనూ ఇక్కడే తొలగించుకోవాలి. శాఖల సంఖ్యను బట్టి జింక వయసు చెప్పవచ్చని చాలామంది నమ్ముతారు. అది నిజం కాదు. చిన్న వయసులో కొమ్ము ఏటా పెద్దదవుతుంది, నడి వయసులో గరిష్ఠానికి చేరుతుంది, ముసలితనంలో తగ్గుతుంది. మేత కరవైన ఏడాది ఏ వయసులోనైనా చిన్నదవుతుంది. వయసు తెలియాలంటే దంతాల అరుగుదలను పరిశీలించాలి.

పట్టికలు చెప్పిన పాఠాలు

గొప్ప చెప్పుకోవడానికి మొదలైన కొలతలు విజ్ఞాన శాస్త్రానికీ అక్కరకొచ్చాయి. అంతరించిన ఐరిష్ ఎల్క్ కొమ్ముల విస్తీర్ణం మూడున్నర మీటర్ల దాకా ఉండేది. అంత బరువు మోయలేకే ఆ జాతి నశించిందని ఒకప్పుడు అనుకునేవారు. అమెరికన్ జీవశాస్త్రవేత్త స్టీఫెన్ జే గౌల్డ్ పుర్రెలు, కొమ్ములను కొలిచి 1974లో ఫలితాలు ప్రచురించారు. జింక జాతుల్లో శరీరం పెరిగే నిష్పత్తి కంటే కొమ్ము పెరిగే నిష్పత్తి ఎక్కువని, ఆ భారీ దేహానికి ఆ కొమ్ములు అసహజం కాదని ఆయన చూపారు.

రెండో పాఠం హెచ్చరిక వంటిది. కెనడాలోని ఆల్బర్టా రాష్ట్రంలో రామ్ మౌంటెన్ ప్రాంతపు అడవి పొట్టేళ్లపై జరిగిన దీర్ఘకాల అధ్యయనం 2003లో నేచర్ పత్రికలో వెలువడింది. పొట్టేలు కొమ్ము జింక కొమ్ము వంటిది కాకపోయినా సూత్రం ఒకటే. వేగంగా పెద్ద కొమ్ములు పెంచిన మగవాటినే వేటగాళ్లు ఏరి చంపారు. అవి తగినంత సంతానాన్ని మిగల్చకముందే పోవడంతో తరాలు గడిచేకొద్దీ ఆ మందలో కొమ్ముల పరిమాణం తగ్గిందని ఆ అధ్యయనం తెలిపింది. పెద్ద కొమ్ముకు బహుమతి కట్టే పద్ధతే పెద్ద కొమ్మును అరుదు చేయగలదన్న మాట. ఇది ఎంత విస్తృతంగా జరుగుతోందన్నదానిపై శాస్త్రవేత్తల్లో చర్చ కొనసాగుతోంది.

భారతదేశంలో కొలత ఎవరిది

భారత ఉపఖండం కొమ్ముల వైవిధ్యానికి నిలయం. చుక్కల దుప్పి, కణుజు కొమ్ములకు సాధారణంగా మూడేసి కొనలు ఉంటాయి. పన్నెండు కొనలవాడన్న అర్థంలో పేరు తెచ్చుకున్న బారాసింగాకు ఆ సంఖ్య అటూ ఇటూ మారుతుంది. కశ్మీర్‌లోని హంగుల్‌కు రెండు కొమ్ములూ కలిపి 11 నుంచి 16 కొనలు ఉంటాయి. మణిపుర్‌లోని సంగాయ్ కొమ్ములో నుదుటి శాఖ, ప్రధాన దండం విరుపు లేకుండా ఒకే వంపుగా కలిసిపోతాయి.

అయితే ఇక్కడ వాటిని స్కోరు కోసం కొలిచే అవకాశం చట్టరీత్యా లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది. ఆ చట్టంలో ట్రోఫీ అన్న పదానికి ఇచ్చిన నిర్వచనంలో జింక కొమ్ము కూడా ఉంది. అడవిలో రాలి దొరికిందన్నంత మాత్రాన దానిని ఇంటికి తెచ్చుకోవడం, అమ్మడం నేరం కాకుండా పోదు. పాత తరాల నుంచి ఇంటి గోడలపై ఉన్న కొమ్ములకు యాజమాన్య ధ్రువపత్రం ఉన్నప్పటికీ వాటిని డబ్బుకు అమ్మడం నిషిద్ధం. రాలిన కొమ్ములకు మార్కెట్టు ఉంటే, చంపి తెచ్చినదానిని కూడా రాలినదేనని చెప్పడం సులువవుతుంది. కొమ్మును చూసి తేడా చెప్పగలిగేది దాని మొదలును పరిశీలించినప్పుడే. సహజంగా ఊడిన కొమ్ము అడుగు గరుకుగా, కాస్త ఉబ్బెత్తుగా ఉంటుంది. నరికినదానికి పుర్రె ముక్క అంటుకొని ఉంటుంది, లేదా రంపపు కోత కనిపిస్తుంది.

రాలిన కొమ్ముకు అడవిలోనూ పని ఉంది. ముళ్లపందులు, ఇతర చిన్న జంతువులు కాల్షియం, భాస్వరం కోసం దానిని కొరికి తింటాయి. జింకలూ అప్పుడప్పుడు నములుతాయి.

అలాగని భారతీయ అడవుల్లో కొమ్ముల పరిశీలన ఆగిపోలేదు. అమెరికన్ జీవశాస్త్రవేత్త జార్జ్ షాలర్ 1960ల్లో కాన్హాలో జింకలపై పరిశోధించినప్పుడు ఏ నెలలో ఎన్ని మగజింకలకు కొమ్ములు గట్టిపడ్డాయి, ఎన్నింటికి నూగు చర్మం ఉంది అన్నది నమోదు చేశారు. ఆయన 1967లో వెలువరించిన గ్రంథం నేటికీ ప్రామాణికం. ఇప్పుడు ఆ పనికి కెమెరా ఉచ్చులు తోడయ్యాయి. చుక్కల దుప్పుల్లో ఒకే మందలో ఒకదానికి గట్టి కొమ్ములు, మరోదానికి నూగు కొమ్ములు, ఇంకోదానికి బోడి తల కనిపిస్తాయి. శీతల దేశాల జింకల్లా వీటికి ఏడాదికి ఒకే నిర్ణీత కాలం లేకపోవడమే కారణం.

ఇటువంటి నమోదుకు టేపు అక్కరలేదు, పుర్రె అక్కరలేదు, జింక చావనవసరం లేదు. ఏ నెలలో ఎన్ని మగజింకలు ఏ దశలో ఉన్నాయన్న లెక్క మంద ఎప్పుడు జతకడుతుందో చెబుతుంది. ఏటికేడు కొమ్ములు చిన్నవవుతుంటే మేత తగ్గిందేమోనన్న అనుమానానికి తొలి ఆధారం అందుతుంది. స్కోరు పత్రం ఒక్క జింకను గురించి చెప్పి ఆగుతుంది. బతికున్న కొమ్ములను ఏళ్ల తరబడి చూసి రాసుకున్న పట్టిక ఒక అడవిని గురించి చెబుతుంది.